సాలెపురుగొస్తే పాట

మీటరు పెట్టె తలుపు తీసేముందు ఆవిడ దాన్ని తట్టేది. చుట్టాలింటికి వెళ్ళినవాళ్ళు తట్టినంత మర్యాదగా, టెస్టరు పిడితో, టకటకమని. తట్టి ఓ అడుగు పక్కకు జరిగి, లోపలివాళ్ళు సర్దుకోవడానికి కాస్త వ్యవధి ఇచ్చి, అప్పుడు చూపుడువేలి కొసతో తలుపు లాగేది. లోపలివాళ్ళంటే మనుషులు కారు. సాలెపురుగులు.

కరెంటు ఆఫీసులో చేరిన నాటినుంచీ ఇదే వరస. భుజాన సంచి, చేతిలో బిల్లు కొట్టే మిషను, నెత్తిన అంచులు వెడల్పాటి టోపీ. ఆ టోపీ ఎండకని అందరూ అనుకునేవారు. ఎండ సంగతి ఎండది. పైనుంచి ఏదైనా దిగితే నేరుగా జుట్టులోకి దిగకుండా అడ్డం ఉంటుందని ఆవిడ ధీమా. గేటు దగ్గర నిలబడి "మీటరండీ, మీటరూ" అని పిలిస్తే వీధి చివరిదాకా వినపడేది. ఆ పిలుపు పట్టుకునే జనం ఆవిడకు మీటరమ్మ అని పేరు పెట్టారు. అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేకపోయింది.

పెట్టె తట్టడం చూసిన ఇళ్ళవాళ్ళు అదేదో ఆఫీసు నిబంధన అనుకున్నారు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళూ అలాగే అనుకుని తట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల మీటరు చూసే ప్రతివాళ్ళూ తడతారు. ఎందుకండీ అంటే "సేఫ్టీ అండీ" అంటారు. మీటరమ్మ ఆ మాట విని కాదనలేదు. ఆవిడకు మటుకు అది సేఫ్టీయే.

పిరికిదా అంటే కాదు. తోక ఆడించని కుక్కలు ఆవిడ చూపుకే తోక ముడిచేవి. బిల్లు చూసి మీదమీదకొచ్చే మగరాయుళ్ళను "ముందు ఫ్రిజ్ తలుపు మూసి రండి, తర్వాత పోట్లాడుకుందాం" అని చల్లబరిచేది. ఓసారి వైరు తగిలి చెయ్యి ఝుమ్మంటే, విదిలించుకుని, చూడాల్సిన అంకె చూసి మిషన్లో కొట్టాకే అరుగు మీద కూలబడింది. అంతటి మనిషికి, వేలిగోరంత కూడా లేని ప్రాణి గోడమీద తన దారిన తాను పోతుంటే కాళ్ళు చల్లబడేవి. అది ఏమీ చెయ్యదని తెలియక కాదు. తెలిసినంత మాత్రాన పోయేటట్టయితే లోకంలో భయమన్నదే మిగిలేది కాదు. భయం బుద్ధి మాట వినదు, ఒంటి మాటే వింటుంది.

అలాంటి మనిషి ఇల్లు ఎలా ఉంటుంది? కోటలా ఉండేది.

ఆవిడ భర్త వడ్రంగి. పెళ్ళయిన కొత్తలోనే ఆవిడ షరతు పెట్టింది, చెక్కముక్కన్నది గుమ్మం దాటి లోపలికి రాకూడదని. చెక్కల దొంతర్ల మధ్య ఏమేం కాపురముంటాయో ఆవిడకు తెలుసు. వడ్రంగి పెళ్ళాం చెక్క వద్దంటే చేపలవాడి పెళ్ళాం నీళ్ళొద్దన్నట్టుంటుందని ఆయన నవ్వాడు గానీ, మర్నాడే దూలాలూ పలకలూ పెరటి గోడవారన రేకుల పంచలోకి మార్చేశాడు. మనిషి మాటల్లో వెటకారం, చేతల్లో వెన్న.

తర్వాత ఒక్కొక్క కంతా మూసుకుంటూ వచ్చారు. కిటికీలకు సన్నటి జాలీ. తలుపుల అడుగున, నేలకు రాసుకునేట్టు, రబ్బరు పట్టీ. గోడల నెర్రెలకు లప్పం. వంటగదిలో నీళ్ళ గొట్టం బయటికి పోయేచోట చుట్టూ సిమెంటు. మంచం గోడకు ఆనకూడదు, దుప్పటి అంచు నేలకు తగలకూడదు. ఆరేసిన బట్టలు దులపకుండా మడవకూడదు. అట్టపెట్టెలో ఏ సామాను వచ్చినా సామాను లోపలికి, అట్టపెట్టె బయటికి.

అన్నిటికంటే పనికొచ్చిన సంగతి మీటరు పెట్టెలు చెప్పాయి. ఏళ్ళ తరబడి తట్టగా తట్టగా ఆవిడకు ఒకటి తట్టింది: రాత్రంతా వరండాలో తెల్లటి దీపం వెలిగే ఇళ్ళలోనే పెట్టెల నిండా గూళ్ళు. దీపానికి పురుగులొస్తాయి, పురుగుల కోసం వీళ్ళొస్తారు. పెళ్ళి భోజనాలు పెట్టి, జనం వచ్చారేమిటని ఏడిస్తే ఎలా? ఇంటికి రాగానే వరండా బల్బు తీయించి, మసకమసకగా పసుపుపచ్చటిది పెట్టించి, పడుకునేముందు అదీ ఆర్పడం మొదలుపెట్టింది. ఆ ఏడు ఇంట్లో సాలెపురుగులు సగానికి సగం తగ్గాయి.

సలహాలకైతే కొదవలేదు. పక్కింటి టీచరమ్మ పుదీనా నూనె చల్లమంది. చల్లారు. వారం పాటు ఇంట్లో అడుగుపెడితే చాలు పళ్ళు తోముకున్నట్టుందని వడ్రంగి గొణిగాడు. వారం తిరిగేసరికి పొడుగు కాళ్ళది ఒకటి వచ్చి, ఆ నూనె సీసా మూత మీదే కాళ్ళు బార్లా జాపుకుని కూర్చుంది.

కోటకెన్ని గోడలున్నా ఏడాదికి నాలుగైదు దూరుతూనే ఉండేవి. వాటికి వడ్రంగి ఉన్నాడు. గాజుగ్లాసు ఒకటి, ఎప్పటిదో పెళ్ళి శుభలేఖ ఒకటి, వంటగది గూట్లో వాటికంటూ ఓ చోటు. గ్లాసు బోర్లించడం, కింద నుంచి శుభలేఖ దూర్చడం, పెరట్లో పలకల మీద వదలడం. ఆ శుభలేఖలో పెళ్ళికొడుక్కి ఇప్పుడు బట్టతల కూడా వచ్చేసింది. అట్ట మాత్రం గట్టిది. చంపడానికి ఆయన ఒప్పుకునేవాడు కాదు. "నా చెక్కలకు పురుగు పట్టకుండా కాపలా కాస్తాయి, నీకేం తెలుసు," అనేవాడు. కాపలా వాళ్ళు కాపలా చోటే ఉండాలి, పడకగదిలో వాళ్ళకేం పని అని ఆవిడ జవాబు. అదీ పక్కగది లోంచి, కుర్చీ ఎక్కి నిలబడి.

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేది, కూతురు లేకపోతే.

ఆ ఇంట్లో ఆడపిల్లలకు తల్లి వైపు నుంచి వచ్చిన ఆస్తి ఇదొక్కటే. మీటరమ్మ తల్లికి సాలెపురుగంటే చచ్చేంత భయం. ఆమె నుంచి మీటరమ్మకు, మీటరమ్మ నుంచి కూతురికి. నగలైతే కరిగించి పంచుకునేవాళ్ళు. ఇది చెక్కుచెదరకుండా మొత్తం మొత్తంగా చేతులు మారింది. కూతురు మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళి, అడిగిన ప్రతిదానికీ టకటకా చెప్పి, ఇక రేపట్నుంచి రమ్మంటారనగా, బల్ల మీదికి ఒకటి దారం పట్టుకుని దిగింది. పిల్ల కేక పెట్టి కుర్చీ ఎక్కింది. అక్కడి పెద్దమనుషులు కాగితాలు సర్దుకుని లేచారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ కూతురే పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మీటరమ్మ మాత్రం వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

తర్వాత ఆ పిల్లకు మంచి ఉద్యోగమే వచ్చింది. పెళ్ళయింది. ఒక కూతురు పుట్టింది. ఆ మనవరాలికి ఇప్పుడు ఆరో ఏడు నడుస్తోంది. నోరు తెరిస్తే ఎందుకు అన్న మాట తప్ప ఇంకోటి రాదు గనక తాతయ్య దాన్ని ఎందుకమ్మ అని పిలిచేవాడు. ఒకింట్లో మీటరమ్మ, ఎందుకమ్మ, మధ్యలో నేనొక ఏమీకానయ్యను అని ఆయన వాపోయేవాడు.

ఆ వేసవిలో కూతురికి ఉద్యోగంలో పైమెట్టు ఎక్కే అవకాశం వచ్చింది. అందుకు వేరే ఊళ్ళో ఉండి శిక్షణ పొందాలి. అల్లుడివి రాత్రి డ్యూటీలు. సెలవులన్నాళ్ళూ ఎందుకమ్మను అమ్మమ్మ దగ్గరే ఉంచుదామనుకున్నారు. మీటరమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పిల్ల బట్టలు బీరువాలో సర్దుతూ కూతురు నెమ్మదిగా అంది.

"అమ్మా, నాకు పెట్టినవన్నీ దీనికీ పెట్టు. అదొక్కటి మాత్రం పెట్టకు."

ఏదొక్కటో ఇద్దరికీ తెలుసు.

"దానికింకా లేదా?" అంది మీటరమ్మ.

"లేదు. మా ఇంట్లో కనిపిస్తే నేను గది బయటికి పరిగెత్తి తలుపేసుకుంటున్నా, అది చూడకుండా. ఎన్నాళ్ళని పరిగెత్తను?"

కూతురు వెళ్ళాక మీటరమ్మ కూర్చుని ఆలోచించింది. తన చిన్నతనంలో ఆ భయం ఎప్పుడు పట్టిందని వెతుక్కుంటే, గుర్తొచ్చింది సాలెపురుగు కాదు. అమ్మ మొహం. ఎప్పుడూ నవ్వే మొహం ఉన్నట్టుండి తెల్లబడి, నోరు తెరుచుకుని, కళ్ళు గోడ మీద ఎక్కడో నిలిచిపోయిన మొహం. అమ్మంతటి అమ్మే భయపడిందంటే ఆ గోడ మీదున్నది ఎంత ఘోరమైనదో అనుకుంది చంటిది. తను భయపడింది అమ్మను చూసి. కూతురు భయపడింది తనను చూసి. ఇప్పుడు ఎందుకమ్మ చూసేది కూడా తన మొహాన్నే.

అందుకని మొహానికి తర్ఫీదు మొదలుపెట్టింది. అద్దం ముందు నిలబడి, గోడమీద ఒకటి ఉందని ఊహించుకుని, చిరునవ్వు నవ్వబోయింది. ఊహకే పెదవులు వణికాయి. వెనకనుంచి వడ్రంగి తొంగిచూశాడు.

"ఏమోయ్, పన్ను నొప్పా?"

సంగతి చెప్పాక ఆయన నవ్వలేదు. ఇంకోసారి బూజుకర్ర తీసుకుని మూలమూలలా దులిపాడు. దర్వాజాలన్నిటికీ మళ్ళీ లప్పం పెట్టాడు. అడుగున రబ్బరు పట్టీ అరిగినచోట కొత్తది కొట్టాడు. ఇక చీమ కూడా చీటీ పెట్టుకుని రావాల్సిందే అన్నాడు.

అయినా వచ్చింది. రాకేం చేస్తుంది?

ఒక సెలవురోజు పొద్దున్న మీటరమ్మ కిటికీ పక్కన కూర్చుని బట్టలు మడుస్తోంది. ఎందుకమ్మ ఖాళీ అయిన బట్టల బుట్టలో దిగి, పడవెందుకు తేలుతుంది, బుట్టెందుకు తేలదు అని ఆరా తీస్తోంది. పరదా రాడ్డు మీదినుంచి, కందిగింజంత ఒళ్ళూ దానికి తగని కాళ్ళూ ఉన్నదొకటి, దారం వదులుకుంటూ తీరిగ్గా దిగి, సరిగ్గా ఇద్దరి మధ్యా గాలిలో ఆగింది.

మీటరమ్మ గొంతు తెరుచుకుంది. కేక గుండెల్లోంచి బయల్దేరింది. అదే క్షణంలో ఎందుకమ్మ తలెత్తింది, సాలెపురుగు వైపు కాదు, అమ్మమ్మ మొహం వైపు.

ఇక ఆ కేకను మింగడానికి లేదు, వదలడానికీ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపలినుంచి తన్నుకొచ్చిన గాలి ఏదో ఒక దారిన పోవాలి. ఆ గొంతుకు ఇన్నేళ్ళుగా అలవాటైన దారి ఒకటే ఉంది.

"మీటరండీ... మీటరూ..." అని పాడింది మీటరమ్మ.

పాడడమే. పిలుపు వణికితే రాగమవుతుందని ఆవిడకు అంతవరకూ తెలియదు. ఆగితే కేక వచ్చేస్తుందని భయమేసి ఇంకో వరస అందుకుంది. "గేటు తీయండీ... మీటరూ... కుక్కుంటే కట్టండీ... మీటరూ..."

పెరట్లో చిత్రిక పడుతున్న వడ్రంగి పని ఆపాడు. సొంతింట్లో నిలబడి గేటు తీయమంటుందేమిటి ఈవిడ అనుకుంటూ వచ్చి చూశాడు. భార్య రెండు చేతులతో దిండుగలీబు బిగించి పట్టుకుని, చెవులదాకా సాగిన నవ్వుతో, కళ్ళార్పకుండా పాడుతోంది. బుట్టలో మనవరాలు. మధ్యలో ఉయ్యాలూగుతున్న పెద్దమనిషి. మారుమాట లేకుండా ఆయన వంటగది గూట్లోంచి గ్లాసూ శుభలేఖా తెచ్చాడు.

పాము చావకుండా, కర్ర విరగకుండా, పని అయిపోయింది. ఎందుకమ్మ గ్లాసు వైపు ఓసారి చూసి, ఆ సంగతి వదిలేసి, అమ్మమ్మ మోకాళ్ళు పట్టుకుంది.

"నీకు పాటలొచ్చని ఎందుకు చెప్పలేదు? మళ్ళీ పాడు."

ఆ మధ్యాహ్నం వంటగదిలో మొగుడూ పెళ్ళాలు మంతనాలు చేసుకున్నారు. ఇకనుంచి ఇదే పద్ధతి. ఆవిడ పాడితే ఆయన గ్లాసుతో రావాలి. పాటలోనే ఎక్కడుందో చెప్పేస్తే వెతుక్కునే బాధ ఉండదని ఆయన సలహా. అలా "గేటు తీయండీ" పోయి "బీరువా పక్కనండీ, మీటరూ" వచ్చింది. "పంపు వెనకనండీ" వచ్చింది. మరీ దగ్గరగా ఉంటే "పరిగెత్తి రండీ" కూడా వచ్చింది. సాలెపురుగు ఎంత పెద్దదైతే చివరి 'రూ' అంత సాగేది. దాన్నిబట్టి పాత చిన్న గ్లాసు చాలో, గూట్లో కొత్తగా చేరిన పెద్ద గ్లాసు కావాలో ఆయన పెరట్లోంచే తేల్చుకునేవాడు.

ఆ నెలలో మూడు నాలుగుసార్లు పాట నడిచింది. గొంతు గొప్పదేం కాదు. గేట్ల దగ్గర అరిచి అరిచి బండబారినది. అయినా టీచరమ్మ గోడ మీదుగా తొంగిచూసి, ఈ వయసులో సంగీతమా, భలే అంది. వడ్రంగి మొహం అటు తిప్పుకున్నాడు.

లోపల మీటరమ్మకు భయం వీసమెత్తు తగ్గలేదు. కాకపోతే ఒక తేడా కనిపెట్టింది. కేక పెడితే ఊపిరి ఒక్కసారే పోతుంది, పోయాక మనిషి దిక్కులేనిదవుతుంది. పాడాలంటే మధ్యమధ్య ఊపిరి తీసుకోవాలి. తీసుకున్న ప్రతిసారీ, తానింకా నేలమీదే నిలబడి ఉన్నానని ఓ కబురు అందుతుంది.

ఎందుకమ్మ ఈలోగా తన లెక్క తాను కట్టుకుంది. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని పెరట్లోకి మోసేది. వదిలాక పలకల మీద అది ఎటు పోతుందో గొంతుక్కూర్చుని చూసేది. దానికి అన్ని కాళ్ళెందుకు, ఒకదాని మీద ఇంకోటి ఎందుకు తొక్కుకోదు, అని తాతయ్యను వేపుకు తినేది. తనకున్న రెండే ఒక్కోసారి తొక్కుకుంటాయని ఆయన చెప్పేవాడు. మీటరమ్మ వంటగది కిటికీ లోంచి ఆ బుల్లి వీపు చూసి, గుండె మీద చెయ్యి వేసుకునేది. అంటలేదు. ఇప్పటికి అంటలేదు.

తర్వాత రోజులకు రోజులు ఒక్క సాలెపురుగూ రాలేదు. వడ్రంగి కొట్టిన రబ్బరు పట్టీలు గట్టిగా పనిచేశాయి. మీటరమ్మకు అంతకంటే ఏం కావాలి? ఎందుకమ్మకు మాత్రం ఇల్లు బోసిపోయింది. పాట కావాలని పేచీ పెట్టింది. మీటరమ్మ సరేనని నోరు తెరిచింది. రాలేదు. ఊరికే కూర్చుని పాడమంటే సిగ్గొచ్చింది, గొంతు గరగరలాడింది, రాగం ఎటో పోయింది.

"ఊరికే రాదే తల్లీ. అది రావాలి, అప్పుడే వస్తుంది," అంది చివరికి.

ఆ మాట ఎంత ప్రమాదమో అన్నాక కూడా ఆవిడకు తోచలేదు. ఎందుకమ్మ సరేనంది. ఎందుకని అడగలేదు. అక్కడైనా అనుమానం రావలసింది.

శిక్షణ ముగించుకుని కూతురు వచ్చే రోజు. మొహం వెలిగిపోతూ వచ్చింది; పైమెట్టు ఖాయమైందట. వడ్రంగి కొత్త చొక్కా వేసుకున్నాడు. మీటరమ్మ ఆఫీసుకు సెలవు పెట్టి పొద్దుటినుంచీ వంటగదిలోనే ఉంది. భోజనాలయ్యాక నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కూతురు కళ్ళతోనే తల్లిని అడిగింది. మీటరమ్మ కళ్ళతోనే లేదని చెప్పింది. కూతురు భుజాలు కిందికి దిగాయి, ఇన్నాళ్ళుగా మోస్తున్న మూట దించినట్టు.

అప్పుడు ఎందుకమ్మ పెరట్లోకి వెళ్ళి, తాతయ్య మేకుల డబ్బా రెండు చేతులతో గుండెలకు హత్తుకుని తెచ్చింది. తల్లి ముందు బల్ల మీద పెట్టింది.

"అమ్మా, నీకోసం అమ్మమ్మ చేత పాట పాడిస్తా," అని మూత తీసింది.

రేకుల పంచలో ఉన్నవాటిలో దేన్ని తేవాలో పిల్ల బాగానే ఎంచింది. ఒక్కటే తెచ్చింది గానీ, చూసి చూసి పెద్దది తెచ్చింది. గోధుమరంగుది, కాళ్ళ మీద సన్నటి నూగుతో. అది డబ్బా అంచెక్కి, ఒక కాలు బయటికి వేసి, ఊళ్ళోకి కొత్తగా బస్సు దిగినవాళ్ళలా ఆగింది.

బల్లకు ఒకవైపు మీటరమ్మ, పక్కనే కూతురు. ఇద్దరి కుర్చీలూ ఒకేసారి కిర్రుమన్నాయి. కూతురు చెయ్యి వచ్చి మీటరమ్మ మణికట్టును పట్టుకుంది, గాజులు గుచ్చుకునేంత గట్టిగా. కూతురు ఛాతీ నిండా గాలి పీల్చుకోవడం మీటరమ్మకు వినిపించింది. ఆ ఊపిరి ఏమవబోతోందో ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఎదురుగా ఎందుకమ్మ చూస్తోంది. డబ్బా వైపు కాదు. ఇద్దరి మొహాల వైపు, ఒకదాని తర్వాత ఒకటి, కళ్ళు చక్రాల్లా తెరుచుకుని, పాట కోసం.

"మీటరండీ..." అని ఎత్తుకుంది మీటరమ్మ. "మీటరూ..." 'రూ' ఎంత సాగిందంటే వడ్రంగి శుభలేఖతో పాటు రెండు గ్లాసులూ తెచ్చాడు. అలా సాగిస్తూనే ఆవిడ కూతురి చేతిని బల్లకింద ఓ గుంజు గుంజింది. అంటే నువ్వూ అందుకో అని.

కూతురికి ఏమీ అర్థం కాలేదు. కానీ ఆ పిలుపు ఆమె పుట్టినప్పటినుంచీ విన్నది. బడి వదిలాక వీధి మలుపులో అమ్మ ఏ గేటు దగ్గరుందో చెప్పే పిలుపు. నోరు దానంతటదే తెరుచుకుంది. "మీటరండీ..." అంది సన్నగా, ఏడుపుకూ పాటకూ మధ్య ఎక్కడో. "మీటరూ..."

"బల్ల మీదండీ..." అని తల్లి.

"నా ముందేనండీ..." అని కూతురు.

"కదలొద్దండీ..." అని తల్లి.

"కదిలేట్టుందండీ..." అని కూతురు, అప్పటికే కుర్చీ మీదికి ఎక్కి నిలబడి.

తల్లీ ఎక్కింది. ఇద్దరూ చెరో కుర్చీ మీద నిలబడి, చేతులు పట్టుకుని, మొహాల మీద నవ్వు మేకులు కొట్టి నిలబెట్టినట్టు, గొంతులు ఒకదాన్నొకటి అందుకోక, గోడలు మారుమోగేలా పాడారు. వడ్రంగి గ్లాసు బోర్లించడానికి రెండుసార్లు వంగాడు. రెండుసార్లూ నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుని కూలబడ్డాడు. ఆయన వల్ల కాదని తేలిపోయింది.

ఎందుకమ్మ ఆయన చేతిలోంచి పెద్ద గ్లాసు తీసుకుంది. నాలుక కొస బయటపెట్టి, చూసుకుని, బోర్లించింది. అంచు కింద ఒక కాలు పడబోతే ఆగి, అది లోపలికి తీసుకునేదాకా ఆగి, అప్పుడు పూర్తిగా దించింది. శుభలేఖ దూర్చింది. గ్లాసును పొట్టకు ఆనించుకుని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, వచ్చేదాకా పాట ఆపొద్దని చెప్పి, పెరట్లోకి నడిచింది.

ఆపలేదు. కుర్చీల మీద నిలబడే, జాలీ లోంచి బయటికి చూస్తూ పాడారు. పలకల దగ్గర ఎందుకమ్మ వంగి, శుభలేఖ పక్కకు లాగి, వేలితో దారి చూపించింది. గోధుమరంగుది ఆ వేలి మీదుగానే నడిచి చెక్కలోకి దిగింది. కూతురి గొంతు అక్కడ తెగింది. మీటరమ్మ ఒక్కతే రెండు వరసలూ పాడింది. కూతురు కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకునేదాకా.

"అది నీకు పుట్టలేదే, ఎక్కడో దొరికింది," అన్నాడు వడ్రంగి కూతురితో, ఊపిరి తీసుకుంటూ.

సాయంత్రం వాళ్ళు వెళ్ళేముందు ఎందుకమ్మ గ్లాసు కడిగి గూట్లో బోర్లించింది. శుభలేఖ తనకిమ్మని అడిగింది. మా ఇంట్లో లేదు కదా అంది. వడ్రంగి ఇచ్చేశాడు. మర్నాడు బీరువాలో వెతికితే ఇంకో పెళ్ళిది దొరికింది, ఇంకా గట్టి అట్ట.

మీటరమ్మ మళ్ళీ వీధులు పట్టింది. పెట్టెల్ని తట్టడం మానలేదు. టోపీ మానలేదు. తలుపు తీశాక లోపలివాళ్ళు ఇంకా కదలకుండా కూర్చుంటే మాత్రం గొంతు సవరించుకుని ఓ వరస పాడేది, అంకె చూసుకునేంతవరకూ. మీటరమ్మకు ఈ మధ్య హుషారెక్కువైందని ఇళ్ళవాళ్ళు అనుకున్నారు. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల కూడా పెట్టె తట్టి, సన్నగా ఏదో కూనిరాగం తీయడం మొదలుపెట్టిందట. సేఫ్టీ కాబోలు.

కొన్నాళ్ళకు ఓ సాయంత్రం ఫోను మోగింది. మీటరమ్మ కుర్చీలో కూర్చుని ఎత్తింది. అవతల హలో లేదు, అమ్మా అన్న పిలుపూ లేదు. కూతురి గొంతు, వణుకుతూ, నెమ్మదిగా వినిపించింది.

"వంటగదిలోనండీ... మీటరూ..."

వెనకనుంచి ఎందుకమ్మ మాట. "అమ్మా, ఆపకు, గ్లాసు తెస్తున్నా."

'రూ' సాగుతూనే ఉంది. పెద్దదే. మీటరమ్మ ఇక్కడ రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కుని, పెరట్లోకి వినపడేలా రెండో వరస అందుకుంది. రెండు క్షణాల్లో వడ్రంగి గ్లాసుతో పరిగెత్తుకొచ్చాడు.